కుర్చీల సంగతి తర్వాత, ముందు బిల్లు చూడండి

ప్రశ్న: మేం ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటున్నాం. 2019 నవంబరులో ఒక పాత సామాన్ల షాపులో ఫ్రాన్స్ రాజు లూయీ 16 కాలం నాటి చేతుల కుర్చీల జత 18,000 యూరోలకు కొన్నాను. ఆ కాలపు కుర్చీల మేస్త్రీ జార్జ్ జకోబ్ ముద్ర కూడా ఉంది. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు అది. ఈ జనవరిలో ఒక నిపుణుడు చూసి, వందేళ్ల తర్వాత చేసిన నకళ్లన్నారు. షాపతన్ని జైలుకు పంపవచ్చా? ఐదేళ్లు దాటాయి కదా? పోనీ ఆన్‌లైన్‌లో అమ్మేయమంటున్నాడు తమ్ముడు.

జవాబు: మీ ఉత్తరంలో మూడు పేజీలు నాన్నగారి గురించే ఉన్నాయి. కేసును తేల్చేది మాత్రం మీరు జతచేసిన బిల్లులో ఒకే ఒక్క మాట: ‘ఎపోక్ లూయీ 16’. అంటే ఆ కాలంలోనే చేసినవని షాపువాడు రాసిచ్చిన హామీ. 1981 మార్చి 3 నాటి ఫ్రాన్స్ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ మాటకు అతను కట్టుబడాలి. దాని బదులు ‘స్టైల్ లూయీ 16’ అని, అంటే ఆ తరహావి అని మాత్రమే ఉంటే మీకు నేను రాయాల్సింది రెండు లైన్లే.

జైలు మాట వదిలేయండి. మోసం అంటే అతనికి ముందే తెలుసని మీరు నిరూపించాలి. సివిల్ కోడ్ 1132 కింద ‘పొరపాటు’ అంటే ఆ బరువు లేదు, అతనిది మంచి మనసే అయినా అమ్మకం రద్దవుతుంది. కుర్చీలు అతనికి, డబ్బు మీకు. ‘నీకా మాత్రం తెలియదా’ అని ఎదుటి లాయరు అడుగుతాడు. వెర్సాయ్ రాజభవనమే నకిలీ కుర్చీలు కొంది, 2025 జూన్‌లో పొంత్వాజ్ కోర్టు వాటిని చేసినవాళ్లకు శిక్షలు కూడా వేసింది. మీరు అంతకంటే నిపుణులేం కాదు.

దావా వేసే గడువు కొన్న రోజు నుంచి కాదు, తప్పు తెలిసిన రోజు నుంచి ఐదేళ్లు. ఆ రోజు జనవరి అని మీరనుకుంటున్నారు. మీరే పంపిన వాట్సాప్ చూడండి: 2023 మార్చిలో సోఫా మేస్త్రీ సీటు అడుగు పట్టీ ఫొటో తీసి, ‘ఇది చక్రపు రంపంతో కోసిన చెక్క’ అని రాశాడు. బీచ్ చెక్క మీద విల్లులా వంగిన గీతలు ఆ ఫొటోలో నాకే కనిపిస్తున్నాయి. లూయీ 16 కాలపు చేతి రంపం అలా వంకర గీతలు గీయదు. ఎదుటివాళ్లు గడియారాన్ని అక్కడి నుంచే తిప్పుతారు. కాబట్టి 2028 మార్చి మీ ఆఖరి గీత అనుకోండి.

ఇక కోప్పడాల్సింది ఇక్కడే. ఆ మెసేజ్ వచ్చాక మీరు చేసిందేమిటి? కొత్త గుడ్డ వేయించి, పాత గుర్రపు వెంట్రుకలూ పట్టీలూ మేకులూ చెత్తబుట్టలో పారేయించారు! రెండొందల ఏళ్ల కుర్చీకి ఎన్నిసార్లు గుడ్డ మారితే అన్ని వరసల మేకు రంధ్రాలుంటాయి. వయసు చెప్పే ఆ రంధ్రాలు చెక్క మీద మిగిలాయి కాబట్టి సరిపోయింది. ముద్రను నమ్ముకోకండి. జకోబ్ 1765లో మేస్త్రీ హోదా పొందినవాడు, పేరున్నవాడి ముద్రే దొంగ ముద్రలకు ముందు గురి.

తమ్ముడి సలహా వింటే అసలు దోషి మీరే అవుతారు. నకళ్లని తెలిసీ అసలువని చెప్పి అమ్మితే అక్కడి క్రిమినల్ చట్టం 313-1 కింద ఐదేళ్ల జైలు, 3,75,000 యూరోల జరిమానా వరకు పడవచ్చు. పైగా మీ కేసులో సాక్ష్యమే మీ చేయి దాటిపోతుంది.

రిజిస్టర్డ్ లెటర్ పంపితే గడువు ఆగుతుందని కూడా అనుకోకండి. మన దగ్గర లీగల్ నోటీసుతో ఎలా ఆగదో అక్కడా అంతే. లియోన్‌లోనే ఒక లాయరును పెట్టుకుని, సివిల్ ప్రొసీజర్ కోడ్ 145 కింద కోర్టు నిపుణుణ్ని నియమించమని అడగండి. మీ సొంత నిపుణుడి రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకుని జడ్జి తీర్పివ్వలేడు. ఆ దావా పత్రం అవతలివాడికి అందితే పాత గడువు లెక్క తెగి మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు, నిపుణుణ్ని నియమించే ఉత్తర్వు వచ్చాక అతని రిపోర్టు దాకా గడువు ఆగుతుంది.

ఈలోగా అసలు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ వాట్సాప్ చాట్ రెండు చోట్ల దాచండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ముందు చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. కుర్చీలకు వార్నిష్ గానీ పాలిష్ గానీ వేయించకండి.