తుంటి మార్పిడి: ముందు నుంచా, వెనక నుంచా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. మా అమ్మకి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పూతరేకుల కుండ దగ్గరే ఆమె పని. కుడి తుంటి కీలు అరిగిపోయింది, మార్చాలన్నారు. రాజమండ్రిలో ఒక డాక్టరుగారు వెనక నుంచి చేస్తానన్నారు. ఇంకొకాయన ముందు నుంచి చిన్న కోతతో చేస్తే కండరం తెగదు, త్వరగా నడుస్తారన్నారు. అమ్మ బాగా లావు, షుగరుంది. ఏది మంచిది? మళ్లీ కుండ ముందు కూర్చోగలదా?

జవాబు: అమ్మా, నేను ఆపరేషన్ చేసే డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టుని. కుట్లు పడి ఇంటికొచ్చాక వాకరు పట్టించి నడిపించేదాన్ని. రెండు రకాలవాళ్లనీ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు నుంచి చేసేటప్పుడు తొడ కండరాల మధ్య సందులోంచి వెళ్తారు. చాలామటుకు కోయరు, పక్కకి జరుపుతారు. అందుకే మొదటి నెలన్నర వీళ్లు చురుగ్గా తిరుగుతారు, నొప్పి తక్కువంటారు. మూడు నెలలు దాటాక ఇద్దర్నీ పక్కపక్కన నడిపిస్తే నాకు తేడా తెలియదు. ఈ దారిలో తొడ పైచర్మం కొందరికి మొద్దుబారుతుంది. చెయ్యి తిరగని డాక్టరైతే తొడఎముక పగిలే ప్రమాదమూ ఉంది. మీ అమ్మగారి విషయంలో నా అసలు భయం వేరు. లావుగా ఉన్నవాళ్లకి ఆ కోత పొట్ట మడత కిందికి వస్తుంది. మన ఉక్కపోతలో అక్కడ చెమట ఆరదు. షుగరు తోడైతే గాయం మానడానికి మొండికేస్తుంది.

వెనక నుంచైతే తుంటిని తిప్పే చిన్న కండరాల్ని ఎముక దగ్గర విడదీసి, చివర్లో తిరిగి కుట్టేస్తారు. ఇందులోనూ చిన్న కోత ఉంది, అయితే చర్మం మీద గాటు తగ్గినా లోపల జరిగేది అదే పని. దీని బెడద, కొత్త కీలులో తొడఎముక పైనుండే గుండు, అది కూర్చునే గిన్నెలోంచి జారడం. రావులపాలెం వైపు ఒకావిడ ఐదో వారంలో ముక్కాలిపీట మీద కూర్చుని, కిందపడ్డ స్టీలు గ్లాసు కోసం వంగింది. అంతే, కీలు తప్పింది. మత్తిచ్చి సరిచేశారు. వద్దని చెప్పినదాన్ని, పీట తీయించని దాన్ని నేనే. ఇప్పటికీ బాధే.

మీ అమ్మగారికైతే నేను వెనక దారివైపే మొగ్గుతాను. ముందు నుంచి చేస్తానన్న ఆయన్ని మాత్రం మొహమాటం లేకుండా అడగండి: ఇలాంటివి ఎన్ని చేశారు, ఇంత లావున్నవాళ్లకి ఎన్ని చేశారు? వందల్లో చేసిన చెయ్యయితే నా మొగ్గు పక్కన పెట్టేయండి. ఏ దారైనా షుగరు అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకోండి.

ఇక కుండ. గుడ్డని పిండినీళ్లలో ముంచి కుండ వీపు మీద పరిచి లాగడం కష్టం కాదు. కింద కొబ్బరాకు ఎగదోయడానికి వంగుతుంది చూడండి, అప్పుడు మోకాలు తుంటి కంటే పైకి వస్తుంది. వెనక నుంచి చేయించుకున్నవాళ్లకి సరిగ్గా ఆ వంపే చెడ్డది. నేలమీద కూర్చోవడం మానాల్సిందే. పని మానక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో ఇటుకలతో అరుగు కట్టించి, కుండని దానిమీదికి ఎక్కించండి. ఆకు వేసే పని మీరు అందుకోండి. ఎన్నాళ్లకి మొదలుపెట్టాలో ఆపరేషన్ చేసినాయన చెబుతారు. అరుగు మాత్రం ఆసుపత్రికి వెళ్లకముందే కట్టించండి. ఇంటికొచ్చాక ఆవిడ ఆగదు.