మూడో కన్ను తీసేసి పంపు

అమ్మాయీ,

పసిపిల్లల నిద్ర మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ పశువుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి, రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్ మెలటోనిన్‌ను తీసిన కథ సరిగ్గానే చెప్పావు. ఆ తర్వాత ఆ గ్రంథికి మూడో కన్ను అని పేరు పెట్టావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది. "పుట్టిన క్షణం నుంచే ఈ మూడో కన్ను మెలటోనిన్ కురిపిస్తూ బిడ్డను నిద్రపుచ్చుతుంది" అట! ఏ బిడ్డను? నెల బాలింతను ఎవర్నైనా అడిగి చూడు.

నాదొకటే చాదస్తం. సైన్సు రాసేవాళ్లు ప్రతి వాక్యాన్నీ "ఎప్పుడు?" అని నిలదీయాలి. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి మెలటోనినే మావి దాటి బిడ్డకు చేరుతుంది. బొడ్డు కోశాక అదీ ఉండదు. బిడ్డకు సొంత రాత్రి ఏర్పడేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. నెలలు నిండకుండా పుడితే ఇంకా ఆలస్యం.

గ్రంథి ఉంటే చాలదమ్మా, దానికి కబురు అందాలి. మెదడులోని గడియారం నుంచి బయల్దేరిన కబురు వెన్నుపాములోకి దిగి, మెడలో ఉన్న నాడీముడికి వచ్చి, మళ్లీ పైకెక్కి గ్రంథిని చేరుతుంది. ఎంత చుట్టుదారో చూడు! చీకటి పడ్డాక అక్కడి నాడుల కొసలు నోరెపినెఫ్రిన్ అనే కబురు మోసే రసాయనాన్ని వదులుతాయి. గ్రంథి కణాల మీది బీటా గ్రాహకాలు దాన్ని అందుకుంటే లోపల సైక్లిక్ ఏఎంపీ, అంటే కణంలో కబురు అందించే అణువు, పెరుగుతుంది. అప్పుడుగానీ గ్రంథిలోని సెరటోనిన్ అనే రసాయనం మెలటోనిన్‌గా మారే పని ఊపందుకోదు. ఎలుకపిల్లల్లోనైతే ఆ నాడులు గ్రంథిలో అల్లుకోవడం పుట్టిన తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది. నీ వ్యాసంలో లేనిది ఇదే.

నోరెపినెఫ్రిన్‌ను నువ్వు "ఏదో రసాయనం" అని దాటేశావు. నేను రాసిన నోరెపినెఫ్రిన్‌ను ఒక వారపత్రిక ఎడిటరుగారు కొట్టేసి, అచ్చం ఆ మాటే పెట్టారు, పాఠకులకు నోరు తిరగదని. శ్రీలంక క్రికెటర్ల పేర్లు గడగడా చెప్పే నోళ్లు కావూ ఇవి?

మా పెద్దాడు పుట్టినప్పుడు వాణ్ని ఒళ్లో వేసుకుని, రెండింటిదాకా ట్యూబ్‌లైటు కింద ఆ పత్రికకే రాసేదాన్ని. రాత్రి పాలలో మెలటోనిన్ ఉంటుందని, పగటి పాలలో దాదాపు ఉండదని, వెలుతురు పడితే దాని తయారీ తగ్గుతుందని చాలా ఏళ్లకు చదివాను. వాడికి పగటి పాలే పట్టానేమో! ఆ వ్యాసానికి డబ్బులు కూడా రాలేదు.

మీ అమ్మమ్మ మాట, "వీడు పగలు అమ్ముకుని రాత్రి కొనుక్కున్నాడే", మూడో పేజీలో దాచావెందుకు? చదివి పెన్ను పక్కన పెట్టేశాను. దాన్ని మొదటి వాక్యం చెయ్యి. మూడో కన్ను తీసేసి, పదో తారీకులోగా పంపు.

ఆశీస్సులతో,
మీ అక్క