కహల్, కెహిలా అంటే సినగాగ్ కాదండీ

"యూదుల చరిత్ర చదువుతుంటే కహల్, కెహిలా అనే మాటలు పదేపదే వస్తున్నాయి. సినగాగ్‌కి ఇవి ఇంకో పేర్లా?" అని అడిగారు. కాదు. సినగాగ్ ప్రార్థన చేసుకునే చోటు. కెహిలా అంటే ఒక ఊళ్లోని యూదులంతా కలిసిన సంఘం. ఆ సంఘాన్ని నడిపే పెద్దల కమిటీ కహల్. రెండూ 'కూడటం' అనే అర్థమున్న ఒకే హీబ్రూ ధాతువు నుంచి వచ్చాయి.

నాకు ఈ మాట పరిచయమైంది ఆఫీసు క్యాంటీన్‌లో. పోలండ్‌లోని క్రాకోవ్‌లో మూడేళ్లు పనిచేశాను. మేం ఎనిమిది మంది తెలుగువాళ్లం టిఫిన్ డబ్బాలతో వెళ్లి రెండు టేబుళ్లు కలిపేసుకుని కూర్చునేవాళ్లం. రష్యన్ మాట్లాడుతూ పెరిగిన ఉక్రెయిన్ కొలీగ్ ఒకతను మమ్మల్ని చూడగానే "వచ్చిందిరా కగాల్" అనేవాడు. అంటే ఏంటని అడిగితే గోల చేసే గుంపు అన్నాడు. మా గోల మాకు తెలుసు కాబట్టి నవ్వేసి ఊరుకున్నాం.

అసలు సంగతి కాజిమిర్జ్‌లో తెలిసింది. అది క్రాకోవ్‌లోని పాత యూదుల పేట. అక్కడ కూపా సినగాగ్ అని ఒకటుంది. దగ్గర్లోనే ఉన్న ఐజాక్, పాపర్ సినగాగ్‌లకి వాటిని కట్టించిన ధనవంతుల పేర్లున్నాయి. దీనికి మాత్రం డబ్బుపెట్టె పేరు! కూపా అంటే సంఘం ఖజానా. 17వ శతాబ్దంలో కహల్ ఆ ఖజానా డబ్బుతో దీన్ని కట్టించింది. మన ఊళ్లలో చందాలేసుకుని కట్టుకున్న రామాలయం లాంటిదన్నమాట. క్యాంటీన్‌లో విన్న కగాల్, ఈ కహల్ ఒకటేనని నాకు అక్కడే వెలిగింది.

ఇంతకీ కహల్ ఏం చేసేది? ముందుగా పన్ను. యూదులు ఇంత కట్టాలని రాజు మొత్తంగా ఒక అంకె చెప్పేవాడు. ఎవరి వాటా ఎంతో తేల్చి వసూలు చేయడం కహల్ పని. రబ్బీకి (మతగురువుకి) జీతం, కోషర్ మాంసం, అంటే మత నియమాల ప్రకారం మాంసం కోసే మనిషి, శుద్ధి స్నానాల కొలను, శ్మశానం, పేదపిల్లల చదువు, డబ్బులేని ఆడపిల్లల పెళ్లిళ్లు, అన్నీ దాని నెత్తినే. క్రాకోవ్ కహల్‌కి 1595లో రాసుకున్న కట్టుబాట్లున్నాయి. నలుగురు పెద్దలు నెలకొకరు చొప్పున వంతులేసుకుని నడిపేవారు. అప్పులూ బాగానే చేశారు, అదీ క్రైస్తవ మఠాల దగ్గర!

మాట వినని వాడికి శిక్ష హేరెమ్. మన భాషలో వెలి, అంతకంటే సరైన మాట లేదు. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సంఘం పెద్దలు తత్వవేత్త స్పినోజాకి వేసింది ఈ వెలే. కెహిలాని చల్లని సహకార సంఘంలా వర్ణించే రాతలు కనిపిస్తుంటాయి గానీ, నాకు అంత నమ్మకం లేదు. పెత్తనం ఎప్పుడూ ఉన్నవాళ్లదే. దీన్ని రష్యా జార్ బాగా వాడుకున్నాడు. 1827 నుంచి సైన్యానికి యూదు కుర్రాళ్లని లెక్కప్రకారం అప్పజెప్పే పని కహల్‌కే పెట్టాడు. పన్నెండేళ్ల పిల్లలనీ తీసుకునేవారు. పెద్దింటి పిల్లలు తప్పించుకునేవారు, దిక్కులేని పిల్లలు బలయ్యేవారు. సొంతవాళ్లకే కహల్ మీద కసి పుట్టిందంటే పుట్టదా మరి!

ఆ సామ్రాజ్యంలో కహల్‌ని 1844లో రద్దుచేశారు. తర్వాత, 1869లో, యూదుడిగా పుట్టి మతం మారిన బ్రాఫ్‌మన్ అనే ఆయన ఒక పుస్తకం వేశాడు. కహల్ ఇంకా రహస్యంగా బతికే ఉందని, అది రాజ్యంలో మరో రాజ్యమని అందులో ప్రచారం. యూదు ద్వేషానికి అదొక ఆయుధమైంది. రష్యన్‌లో ఈ మాటకి వెటకారం ఎలా అంటిందో అర్థమైంది కదా. మా కొలీగ్‌కి ఇదంతా చెబితే, "మా బామ్మ కూడా అలాగే అనేది, నాకేం తెలుసు" అని తల గోక్కున్నాడు. ఆ తర్వాత మమ్మల్ని అలా పిలవలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు క్రాకోవ్‌లో సుమారు 60 వేల మంది యూదులుండేవారు, ఊళ్లో నాలుగో వంతు. ఇప్పుడున్నది కొద్దిమందే. వాళ్ల సంఘాన్ని పోలిష్‌లో 'గ్మీనా' అంటారు. మన మండలం లాంటి పాలనా విభాగానికీ అక్కడ అదే పేరు.

ఇక తెలుగులో ఏమనాలి అంటారా? తెలుగు బైబిల్ చదివేవాళ్లకి కహల్ పాత చుట్టమే. ద్వితీయోపదేశకాండం 23లో "యెహోవా సమాజము" అని ఉన్న చోట హీబ్రూలో ఉన్నది కహల్. 'ప్రసంగి' గ్రంథం అసలు పేరు కోహెలెత్ కూడా ఇదే ధాతువు. నేనైతే పాత పోలండ్ గురించి రాసేటప్పుడు కహల్ అనే ఉంచేస్తాను, సమాజం అంటే పన్ను వసూలు, వెలి గుర్తురావు. ఇవాళ ఇజ్రాయెల్‌లోనో అమెరికాలోనో ఎవరైనా "మా కెహిలా" అంటే మాత్రం 'మా సంఘం' అని నిక్షేపంగా రాసేయొచ్చు.