ఫిట్‌నెస్ మేనేజర్ ఉద్యోగానికి రెజ్యూమే: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీవు పంపిన రెజ్యూమేను నిదానంగా చదివాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా ఇచ్చే నమూనాయే అది. మొదట సంస్థతో పాటు తానూ ఎదగాలని కోరుకునే కెరీర్ ఆబ్జెక్టివ్, చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, వైవాహిక స్థితి, ఆ కింద పై వివరాలన్నీ నిజమేనంటూ ఒక డిక్లరేషన్ ఉన్నాయి. ఇన్నేళ్ల నీ పని గురించి మాత్రం మధ్యలో మూడే మూడు వరుసలున్నాయి. ఆ మొదటి భాగాన్నీ చివరి భాగాన్నీ తీసివేసి, ఆ చోటంతా నీ పనికి కేటాయించు. ఎలా కేటాయించాలో కొంత వివరంగా రాస్తున్నాను.

నీవు దరఖాస్తు చేయదలచిన గచ్చిబౌలి క్లబ్బు వారి ప్రకటనను మళ్లీ ఒకసారి చూడు. ఒకే పేరు కింద రెండు ఉద్యోగాలు అడుగుతున్నారు. పర్సనల్ ట్రైనర్ తన క్లయింట్లకు, తన సెషన్లకు జవాబు చెప్పుకుంటే చాలు. ఫిట్‌నెస్ మేనేజర్ మాత్రం ఫ్లోర్ మీద ఉన్న ట్రైనర్లందరి డ్యూటీ చార్టుకు, నెలవారీ పీటీ (పర్సనల్ ట్రైనింగ్) టార్గెట్‌కు, రెన్యువల్స్‌కు, ట్రెడ్‌మిల్ బెల్టు అరిగితే సర్వీసు వారిని పిలిపించడానికి, ఏసీ పనిచేయడం లేదని సాయంత్రం బ్యాచ్ వారు పెట్టే గొడవకు కూడా బాధ్యుడు. నా బల్ల మీదకు వచ్చే దరఖాస్తుల్లో చాలామంది తమ శరీరం గురించే రాస్తారు: ఎంత బరువు ఎత్తుతారో, ఏ పోటీలో ఏ పతకం వచ్చిందో. పతకం ఉంటే ఒక వరుసలో రాయి, తప్పు లేదు. కానీ ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది, నీ చేతి కిందకు వచ్చిన సభ్యులు నిలిచారా, నీ దగ్గర చేరిన కొత్త కుర్రాళ్లు పని నేర్చుకున్నారా అన్నదే.

అందువల్ల అనుభవం అన్న భాగాన్ని రెండుగా విడదీయి. మొదటిది ట్రైనర్‌గా చేసిన పని. 'క్లయింట్లకు పర్సనల్ ట్రైనింగ్ ఇచ్చాను, డైట్ చార్టులు ఇచ్చాను' అని నీవు రాసిన వాక్యం ఈ ఊళ్లో ఏ ట్రైనరైనా రాయగలిగిందే. దాని బదులు ఎవరికి ఇచ్చావో చెప్పు. మొన్న ఫోనులో నీవే చెప్పావు కదా, ఉదయం వచ్చేవారిలో ఎక్కువమంది నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులనీ, రోజంతా కుర్చీలో కూర్చోవడం వల్ల తుంటి బిగుసుకుపోయి, గుంజిళ్లలా కూర్చుని లేచే స్క్వాట్‌లో కిందికి దిగేసరికి మడమలు లేస్తాయనీ, వాళ్లకు బార్‌బెల్ ఇవ్వకుండా వెనక పెట్టిన పెట్టె మీద కూర్చుని లేచే బాక్స్ స్క్వాట్‌తో మొదలుపెట్టి, చీలమండల కదలిక కుదిరాక ఛాతీ దగ్గర బరువు పట్టుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్‌కు తీసుకువెళతాననీ. అది రాయి. చేర్చుకునే ముందు ఆరోగ్య సమస్యలు అడిగే పార్-క్యూ ఫారం నింపిస్తావనీ, బీపీ గానీ గుండె సమస్య గానీ ఉందని టిక్కు పెట్టినవారిని డాక్టరు చీటీ లేకుండా మొదలుపెట్టనివ్వవనీ రాయి. గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతపు క్లబ్బులకు వచ్చేవారిలో ఎక్కువమంది అటువంటి ఉద్యోగులే కనుక, ఆ రెండు వాక్యాలు చదివిన మేనేజరు నిన్ను పిలవడానికి అవే చాలు.

అంకెలు తప్పనిసరిగా ఉండాలి, అయితే అవి గట్టిగా నిలబడేవై ఉండాలి. 'రెన్యువల్ రేటు 72 శాతం' అని రాశావు. ఎంతమందిలో అని అడిగితే, ప్యాకేజీ ముగిసిన 18 మందిలో 13 మంది మళ్లీ చేరారని చెప్పావు. అదే రాయి, 18 మందిలో 13 మంది అని. చిన్న సంఖ్య మీద కట్టిన శాతాన్ని చూస్తే అనుమానం వస్తుంది. అసలు లెక్క చూస్తే నమ్మకం కుదురుతుంది. మిగిలిన ఐదుగురు ఎందుకు మానేశారని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. ఒకరు ఊరు మారారు, ఇద్దరికి ఆఫీసు వేళలు మారాయి, ఇద్దరు నా పద్ధతి నచ్చక వెళ్లారు అని తడుముకోకుండా చెప్పగలిగితే, నీవు రిజిస్టరు చూసుకునే మనిషివని వారికి అర్థమవుతుంది. జ్ఞాపకం మీద ఆధారపడకుండా, పాత క్లబ్బులో నీ పేరు మీద నడిచిన ప్యాకేజీల వివరాలు నోటుబుక్కులో రాసుకున్నావు కదా, దాన్ని ముందు పెట్టుకుని కూర్చో.

రెండవది మేనేజరుగా చేసిన పని. ఆ హోదా నాకు ఎప్పుడూ లేదు, ఏమి రాయను మామయ్యా అని అడిగావు. హోదా లేదు గానీ పని చేశావు. సంక్రాంతికి సగం మంది స్టాఫు ఊళ్లకు పోతే ఉన్న నలుగురితో రెండు షిఫ్టులూ నడిపింది ఎవరు? రంజాన్ నెలలో ఉపవాసం ఉండే సభ్యులు ఇఫ్తార్ తర్వాత వస్తామంటే, రాత్రి వేళలు పొడిగించి డ్యూటీ చార్టు మార్చింది ఎవరు? కొత్తగా చేరిన ట్రైనరు మొదటి వారం ఒంటరిగా ఎవరికీ స్పాటింగ్ (బరువు ఎత్తేవారికి పక్కన నిలబడి ఇచ్చే ఆసరా) ఇవ్వకూడదన్న నియమం పెట్టి, వాడిని పక్కన నిలబెట్టుకుని నేర్పింది ఎవరు? వీటిని 'సీనియర్ ట్రైనర్' అన్న నీ అసలు హోదా కిందనే, అదనపు బాధ్యతలు అన్న ఉపశీర్షికతో రాయి. మేనేజర్ అని మాత్రం రాయకు. హైదరాబాద్‌లో ఈ వృత్తి చాలా చిన్నది. కూకట్‌పల్లిలో పనిచేసిన మేనేజరు ఇవాళ కొండాపూర్‌లో ఉంటాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లోర్ చూసినవాడు బంజారాహిల్స్‌లో కనిపిస్తాడు. ఒక్క ఫోను కాల్‌తో నిజం బయటపడుతుంది, ఆ తర్వాత మిగిలిన రెజ్యూమేలో ఉన్న నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

డబ్బు విషయం మొహమాటపడకుండా రాయాలి. నెలకు నీ పీటీ వసూలు ఎంత, టార్గెట్ ఎంత, ఎన్ని నెలలు అందుకున్నావు అన్నవి ఒక వరుసలో ఉంచు. అయితే పాత క్లబ్బు మొత్తం ఆదాయం రాయవద్దు. అది వారి లెక్క, నీది కాదు. ఇవాళ వారి లెక్క బయటపెట్టినవాడు రేపు మా లెక్క బయటపెట్టడా అని చదివేవాడు అనుకుంటాడు.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది జారిపోతారు. నీకు ఏసీఈ పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ ఉంది, మంచిదే. అయితే ఏసీఈ గానీ ఎన్‌ఏఎస్‌ఎం గానీ, ఈ అమెరికా సంస్థల సర్టిఫికెట్లు ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లేవి కావు. రెండేళ్లకొకసారి నిరంతర విద్య క్రెడిట్లు చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. కనుక పేరు పక్కన పొందిన సంవత్సరమే కాక, ఏ నెల వరకు చెల్లుతుందో కూడా రాయి. గుండె ఆగినవారికి ఛాతీ నొక్కే సీపీఆర్, షాక్ ఇచ్చే యంత్రం ఏఈడీ వాడకం నేర్పే సర్టిఫికెట్‌కు కూడా సాధారణంగా రెండేళ్లే గడువు. నీది ముగిసిందని విన్నాను. దరఖాస్తు పంపకముందే మళ్లీ చేయించుకో, ఎందుకంటే ఫ్లోర్ మీద ఎవరైనా కుప్పకూలితే మొదట పరుగెత్తవలసింది ఫిట్‌నెస్ మేనేజరే. వారాంతపు వర్క్‌షాపుల్లో ఇచ్చిన పార్టిసిపేషన్ సర్టిఫికెట్లన్నీ వరుసగా పేర్చకు. పనికొచ్చేవి రెండో మూడో చాలు. డిగ్రీకి ఒక్క వరుస ఇవ్వు, పదో తరగతి మార్కులు అక్కరలేదు.

ఒక మాట కాస్త కఠినంగా చెబుతున్నాను, నొచ్చుకోకు. 'షుగర్ తగ్గించాను, నడుం నొప్పి నయం చేశాను' అన్న వాక్యాలు వెంటనే కొట్టేయి. నయం చేయడం మన పని కాదు. ఫిజియోథెరపిస్టులు, డైటీషియన్లతో సహా అనేక ఆరోగ్య అనుబంధ వృత్తుల నియంత్రణ కోసం 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. వారి పరిధిలోకి చొరబడ్డట్టు కనిపించే ట్రైనరును చూస్తే బాధ్యత తెలిసిన ఏ క్లబ్బు అయినా వెనకాడుతుంది. 'డాక్టరు అనుమతితో షుగర్ ఉన్న క్లయింట్లకు కండరాల బలం పెంచే వ్యాయామం చేయించాను' అంటే అదే పనిని సరిగా చెప్పినట్టవుతుంది. సప్లిమెంట్లు ఎన్ని అమ్మావో గొప్పగా రాసిన వరుస కూడా వద్దు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దనే చెప్పింది. నీ అభిప్రాయం వేరే కావచ్చు, దాని మీద వాదించుకోవడానికి చాలా చోట్లున్నాయి, రెజ్యూమే అందుకు తగిన చోటు కాదు.

క్లయింట్ల 'బిఫోర్, ఆఫ్టర్' ఫొటోలు రెజ్యూమేకు జతచేశావు. వారిలో ఇద్దరు మహిళలున్నారు, ముఖాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాతపూర్వక అంగీకారం లేనివన్నీ తీసేయి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టం వచ్చింది, కానీ చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక ఇంటి ఆడపిల్ల ఫొటోను ఆమెకు తెలియకుండా ఊరంతా తిప్పేవాడిని లేడీస్ బ్యాచ్ దగ్గరకు ఎవరు రానిస్తారు? చొక్కా లేకుండా దిగిన నీ ఫొటో కూడా అక్కరలేదు.

మిగిలినవి చిన్న విషయాలే. రెజ్యూమే ఇంగ్లిష్‌లో ఉంటుంది కనుక చిన్న చిన్న వాక్యాలు రాయి, నీవు నోటితో చెప్పలేని పదం అందులో ఉండకూడదు. రెండు పేజీలు దాటవద్దు, పీడీఎఫ్‌గా పంపు, ఫైలుకు నీ పేరూ ఉద్యోగం పేరూ పెట్టు. భాషల దగ్గర తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు హిందీ, ఉర్దూ మాట్లాడగలనని తప్పక రాయి. టోలీచౌకి, మెహదీపట్నం వైపు నుంచి వచ్చే సభ్యుడితో ఉర్దూలో మాట్లాడగలగడం ఈ ఊళ్లో నిజమైన అర్హతే. రిఫరెన్సుగా పాత మేనేజరు పేరు ఇవ్వాలనుకుంటే ముందు ఆయనను అడిగి ఇవ్వు.

పిలుపు వస్తే ఇంటర్వ్యూతో పాటు డెమో సెషన్ కూడా ఉంటుంది. అక్కడి ట్రైనరునో, మేనేజరునో నీకు క్లయింటుగా అప్పగించి, స్క్వాటో, నేల మీది బరువును పైకెత్తే డెడ్‌లిఫ్టో నేర్పమంటారు. రెజ్యూమేలో బాక్స్ స్క్వాట్ గురించి రాసినవాడివి అక్కడ కూడా దానితోనే మొదలుపెట్టు, ఎలా చేయాలో చెప్పకుండానే బరువు చేతికివ్వకు. మొదట మోకాలి గాయాలేమైనా ఉన్నాయా అని అడుగు. కొత్త చిత్తుప్రతిని ఆదివారం లోపల నాకు పంపితే, సోమవారం నేను డ్యూటీకి వెళ్లేలోపు ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తాను. సీపీఆర్ క్లాసు ఎప్పుడుందో కూడా అప్పుడే చెప్పు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య