మా సింగిల్ మాలిక్యూల్ మాగ్నెట్‌లో (ఒక్కో అణువే చిన్న అయస్కాంతం) స్పిన్ తిరగబడకుండా ఆపే ఎనర్జీ బారియర్ ఎక్కువే వచ్చింది, కానీ హిస్టెరిసిస్ లూప్ (అయస్కాంతత్వం నిలిచిందని చూపే గ్రాఫ్) సున్నా ఫీల్డ్ దగ్గర మూసుకుపోతోంది. లిగండ్‌లో (లోహానికి అతుక్కున్న భాగంలో) ఏం మార్చాలి?

మీది డిస్ప్రోసియం లోహపు కాంప్లెక్స్ అన్నారు కాబట్టి చెబుతున్నా. పీహెచ్‌డీలో నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను.

ముందు బారియర్ అంకె మీద మోజు తగ్గించుకోండి. 2016లో వచ్చిన ఒక కాంప్లెక్స్‌లో డిస్ప్రోసియానికి పైనా కిందా రెండు టెర్ట్-బ్యూటాక్సైడ్లు, నడుం చుట్టూ ఐదు పిరిడిన్లు. బారియర్ 1815 కెల్విన్, బ్లాకింగ్ ఉష్ణోగ్రత (అయస్కాంతత్వం నిలిచే గరిష్ఠ ఉష్ణోగ్రత) మాత్రం 14 కెల్వినే. మరుసటి ఏడాది వచ్చిన డిస్ప్రోసోసీనియం బారియర్ దానికన్నా కాస్త తక్కువ, 1760. అయినా హిస్టెరిసిస్ 60 కెల్విన్ దాకా నిలిచింది. కొలిచిన పద్ధతులు వేరే అనుకున్నా ఇది చిన్న తేడా కాదు. డిస్ప్రోసోసీనియంలో నడుం దగ్గర లిగండ్లే లేవు, రెండు వైపులా ఉన్నవి బిగువైన రింగులు. అణువు కంపనాల ద్వారా స్పిన్ తిరగబడే దారులు అక్కడ తక్కువ.

డిస్ప్రోసియం ఎలక్ట్రాన్ మేఘం పళ్లెంలా చదునుగా ఉంటుంది, అందుకే ఋణావేశం పైనా కిందా ఉండాలి. (ఎర్బియానికైతే ఇదంతా తలకిందులు.)

నేను వాడినవి లావుపాటి ఫినాక్సైడ్లు. కాగితం మీద బొమ్మ అద్భుతంగా ఉంది. తీరా క్రిస్టల్ స్ట్రక్చర్ చూస్తే, ద్రావకంగా వాడిన టీహెచ్‌ఎఫ్ అణువు ఒకటి నడుం దగ్గర దూరి కూర్చుంది. రెండు ఆక్సిజన్ల మధ్య కోణం 180 ఉండాల్సింది 150ల్లోకి వంగిపోయింది. ఫినాక్సైడ్‌ను ఇంకా లావు చేస్తే రెండోది ఎక్కనే లేదు! చివరికి టీహెచ్‌ఎఫ్‌ను పూర్తిగా మానేసి, లోహాన్ని అంటుకోని ఫ్లోరినేటెడ్ బోరేట్‌ను ఆనయాన్‌గా (ఋణ అయాన్‌గా) పెట్టాక కోణం నిటారైంది. గ్లవ్‌బాక్స్‌లో ఆక్సిజన్ రీడింగ్ పెరిగిన రోజున బ్యాచ్ మొత్తం పోయేది, ఆ టెన్షన్ వేరు.

ఇంత చేసినా లూప్‌లో సున్నా ఫీల్డ్ దగ్గర అయస్కాంతత్వం ఒక్కసారిగా పడిపోయే మెట్టు పూర్తిగా పోలేదు. అప్పుడు శాంపిల్‌లో ఐదు శాతమే డిస్ప్రోసియం ఉంచి, మిగతాదంతా అయస్కాంతత్వం లేని ఇట్రియంతో చేశాను. మెట్టు సగానికి పైగా తగ్గింది. అంటే చాలావరకు తప్పు లిగండ్‌ది కాదు, పక్క అణువుల అయస్కాంత క్షేత్రాలే టన్నెలింగ్‌కు (బారియర్ ఎక్కకుండానే స్పిన్ తిరగబడటానికి) దారి ఇస్తున్నాయి. ఈ పని మొదట్లోనే చేసి ఉంటే ఒక ఏడాది మిగిలేది.

మీరు ఇట్రియం డైల్యూషన్ చేశారా? చేయకపోతే కొత్త లిగండ్ జోలికి వెళ్లకుండా ముందు అది చేయండి. లూప్ అప్పటికీ తెరుచుకోకపోతే స్ట్రక్చర్‌లో పై-కింద లిగండ్ల మధ్య కోణం, నడుం దగ్గర ఎవరున్నారో ఇక్కడ రాయండి, చూద్దాం.