కైకకు వకాల్తా పుచ్చుకోకు

హనుమకొండ

బిడ్డా,

కైక మీద నువ్వు రాసి పంపిన కథ, 40 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మలాగా చదివి మురిసిపోయాను. రెండోసారి 30 ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషిలాగా చదివితే పెన్సిల్ పట్టక తప్పలేదు. కోపం తెచ్చుకోకు.

నీ కైక బాగా మాట్లాడుతుంది. అదే చిక్కు. మూడు పేజీలకోసారి లేచి నిలబడి తన తప్పేం లేదని చెప్పుకుంటుంది. నువ్వు ఆమెకు వకాల్తా పుచ్చుకున్నావు. వకీలు తన మనిషికి ఇబ్బంది తెచ్చే కాగితాన్ని దాచేస్తాడు. కథ రాసేవాళ్లకు మొదట కావాల్సింది ఆ కాగితమే.

పట్టాభిషేకం మాట వినగానే కైక సంతోషంతో మంథరకు నగ ఇవ్వడం నీ కథలో ఉంది. బాగుంది. ఆ తర్వాత ఆమె మనసు మారిన పాపం మొత్తం మంథర నెత్తిన పెట్టావు. ఎక్కడ పుట్టిందో కూడా తెలియని దాసి అని వాల్మీకి ఆమెను మొదటి మాటలోనే తేల్చేస్తాడు. గూని మనిషి, రాణి వెంట పుట్టింటి నుంచి వచ్చిన మనిషి. తర్వాత శత్రుఘ్నుడు ఆమెను నేల మీద ఈడ్చాడు. రాణిని కడిగిన మురికినీళ్లు దాసి మీద పోస్తే అది ఆడవాళ్ల పక్షాన రాసినట్టా? కౌసల్యనూ ఊరికే ఏడ్చే సవతిని చేశావు. వాల్మీకిలో, కైక పరివారంతో సమానంగానో, అంతకన్నా తక్కువగానో ఈ ఇంట్లో బతికానని ఆమె కొడుకుతో చెప్పుకుంటుంది. ఆ మాట నీ కైక చెవిన కూడా పడనివ్వు.

నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. శూర్పణఖ కథ రాస్తూ సీతను గయ్యాళిని చేశాను. ఒక పత్రికకు పంపితే తిరుగు టపాలో వచ్చేసింది. అప్పుడు ఏడ్చాను గానీ, ఇప్పుడు వాళ్లకు దండం పెడతాను.

అయోధ్యాకాండ మొత్తం చదువు. టీవీలో చూసింది చాలదు. ఇక్కడి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది, వచ్చినప్పుడు వెళదాం. రథచక్రం శీల ఊడితే కైక వేలు పెట్టిందన్నావు, అది వాల్మీకిలో లేదు. అక్కడ ఆమె దెబ్బతిన్న దశరథుణ్ని యుద్ధం నుంచి తప్పించి కాపాడింది, అంతే. వేలు కథ వాడుకో, కానీ ఏది ఎక్కడిదో తెలిసి వాడుకో.

అదే కాండ 107వ సర్గలో, చిత్రకూటంలో, రాముడు భరతుడితో ఒక మాట అంటాడు. మీ అమ్మను పెళ్లాడేటప్పుడు నాన్న మీ తాతకు రాజ్యాన్నే శుల్కంగా మాటిచ్చాడని. మన మాటలో చెప్పాలంటే ఓలి, పిల్లను చేసుకునేవాడు పిల్ల పుట్టింటికి ఇచ్చేది. ఇంత పెద్ద హక్కు చేతిలో ఉండి, దశరథుడితో గొడవపడ్డ ఆ రాత్రి కైక దాని ఊసే ఎత్తలేదు. రెండు వరాల గురించే మాట్లాడింది. ఎందుకు?

35వ సర్గ తియ్యి. దశరథుడి మంత్రి సుమంత్రుడు అందరి ముందూ కైక తల్లి సంగతి ఎత్తుతాడు. కేకయరాజుకు పక్షుల భాష తెలుసట. ఒకనాడు పక్షి కూత విని నవ్వాడు. ఎందుకు నవ్వావో చెప్పమంది భార్య. చెబితే చస్తానన్నాడు. బతికినా చచ్చినా చెప్పాల్సిందే అంది. ఆమెను వెళ్లగొట్టాడు. ఆ తల్లి బుద్ధే నీకొచ్చిందని సుమంత్రుడి దెప్పుడు. కైక ముఖంలో రంగు కూడా మారలేదని రాశాడు వాల్మీకి.

నీ 40 పేజీల్లో ఈ తల్లి లేదు. అడిగినందుకు తల్లిని వెళ్లగొట్టిన ఇంటి పిల్ల, ఏం కావాలో అడగమని మొగుడే రెండు వరాలిస్తే, ఏళ్ల తరబడి అడగకుండా దాచుకుంది! నాకైతే కథ అక్కడ కనిపిస్తోంది.

ఇంకో చోటు, 21వ సర్గ. అడవికి పోవద్దని కౌసల్య బతిమాలుతుంటే, తండ్రి మాట వినాలనడానికి రాముడు పరశురాముణ్ని చూపిస్తాడు. తండ్రి చెప్పాడని కన్నతల్లి రేణుకను గొడ్డలితో నరికాడు కదా అని. చెబుతున్నది ఎవరికి? తల్లికి. ఆ మాటలు కాగానే లక్ష్మణుడి వైపు తిరుగుతాడు. ఆ క్షణంలో కౌసల్యకు ఏమనిపించిందో అక్కడ లేదు. కావ్యం ఇలా ముఖం తిప్పుకున్న చోట్లు వెతుక్కో.

రేణుక అంటే మనకు ఎల్లమ్మే. నా చిన్నప్పుడు నర్సంపేట దగ్గర మా ఊళ్లో బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పేవాళ్లు. తల నరికే ఘట్టం రాగానే మీ అమ్మమ్మ చాయ పెట్టే వంకతో లేచి పోయేది. ఎల్లమ్మ మళ్లీ లేచాక వచ్చి కూర్చునేది. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. భారతంలో పరశురాముడు కోరిన వరాల్లో తల్లి బతకాలన్నది ఒకటి, చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదన్నది ఇంకొకటి. ఎంత తెలివైన వరమో చూడు. మన ఎల్లమ్మకు ఆ మరపు లేదనుకుంటా. ఉంటే ఏటేటా అదే కథ ఎందుకు చెప్పించుకుంటుంది?

భాష గురించి ఒక్క మాట. 'నా అస్తిత్వం', 'నా గుర్తింపు' అన్నవన్నీ కొట్టేశాను. కేకయ అంతఃపురంలో పులుల్లాంటి పెద్ద కుక్కల్ని పెంచేవాళ్లు, భరతుడికి వాటిని కానుకగా ఇచ్చి పంపారు కూడా. వాటి మధ్య పెరిగిన పిల్ల ఎలా మాట్లాడుతుందో ఆలోచించు.

చుట్టాలు ఏమంటారోనని టెన్షన్ పడకు. వాట్సాప్‌లో ఎవరైనా తిడితే సర్గ నంబరు చెప్పి ఊరుకో.

ఎంగిలిపూల బతుకమ్మకు వస్తావుగా, ఈ 40 పేజీలు మళ్లీ తేకు. సుమంత్రుడు తల్లిని తిడుతున్నంతసేపూ కైక చేతులు ఏం చేస్తున్నాయో ఒక్క పేజీ రాసుకుని రా. తంగేడు పూలు మీ పెద్దనాన్న తెస్తానన్నాడు. గునుగు దారిలో కనిపిస్తే నువ్వు కోసుకురా.

నీ పెద్దమ్మ