‘ఏలినాటి శని’లో ఏలుబడి ఉందా?

సందేహం: మా అబ్బాయి జాతకం చూసిన సిద్ధాంతి గారు ‘ఏలిననాటి శని నడుస్తోంది’ అని రాసిచ్చారు. శని మనిషిని ఏలే కాలం కనుక అలా రాయడమే సరైనదని చెప్పారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ దిగులు పట్టుకుంది. పంచాంగంలో చూస్తే ‘ఏలినాటి శని’ అని ఉంది. ఏది ఒప్పు? అర్ధాష్టమ శని అంటే ఏమిటి? శనీశ్వరుడు, శనేశ్వరుడు, శనైశ్చరుడు – వీటిలో ఏది రాయాలి?

సమాధానం: పంచాంగంలో ఉన్నదే ఒప్పు. ‘ఏలిననాటి’ అనేది మాటకు అర్థం తెలియక, తోచిన అర్థానికి తగినట్టు మాటనే సాగదీయడం వల్ల పుట్టిన రూపం. ఆ కల్పిత అర్థమే మీ ఇంట్లో దిగులుకు కారణమైంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వ్యాకరణం చూద్దాం. ‘ఏలిన’ అనే విశేషణం మీద ‘నాడు’ చేరితే ‘ఏలిననాడు’ అవుతుంది, అందులో నకారం లోపించదు. పుట్టిననాడు, వచ్చిననాడు, పెళ్లయిననాటి చీర అంటాం గానీ పుట్టినాడు, పెళ్లయినాటి చీర అని ఎవరూ అనరు. ‘ఏలిననాటి’ నుంచి ‘ఏలినాటి’ వచ్చిందంటే ఈ ఒక్క మాటకే వేరే నియమం పెట్టుకోవాలి. పైగా ‘ఏలిన’ అంటే గడిచిపోయిన ఏలుబడి. ఇప్పుడు నడుస్తున్న శనికీ రాబోయే శనికీ అది ఎలా పొసగుతుంది?

అసలు సంగతి పొరుగు భాషలను చూస్తే తెలుస్తుంది. తమిళులు దీన్ని ‘ఏళరై నాట్టు చ్చని’ అంటారు. ఏళు అంటే ఏడు, అరై అంటే సగం. ఏళరై అంటే ఏడున్నర. మలయాళంలో ‘ఏళర శని’ అనీ ‘ఏళరాండ శని’ అనీ అంటారు. అక్కడ ఆండు అంటే సంవత్సరం. హిందీ వాళ్ల ‘సాఢేసాతీ’ కూడా ఏడున్నరే. దేశమంతా ఒకే లెక్కతో పిలుచుకుంటున్న దాన్ని తెలుగువాళ్లు మాత్రం ఏలుబడితో పిలిచారనడం నమ్మదగ్గది కాదు. తమిళ, కన్నడాల్లో ఏళు, మనకు ఏడు. మనది అచ్చంగా మన మాటే అయితే అందులో డకారం కనిపించాలి. అది లేకుండా లకారం ఉందంటే దక్షిణాది జ్యోతిష పరిభాషతో పాటు మనకు వచ్చిన అరువు మాట అని నా నిర్ణయం. ‘ఏళరై నాట్టు’ నోట నలిగి ‘ఏల్నాటి’, ‘ఏలినాటి’ అయింది. ఈనాటికీ చాలామంది నోట ‘ఏల్నాటి శని’ అనే వినిపిస్తుంది. చివరనున్న ‘నాటి’ని మాత్రం మనం చిన్ననాటి, మొన్నటినాటి వంటి మాటల సాటిగా వినడం అలవాటు చేసుకున్నాం.

ఏడున్నర ఎందుకు? శని సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 29.5 సంవత్సరాలు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి దాదాపు రెండున్నర ఏళ్లు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరువాతి రాశి – ఈ మూడింటిలో శని సంచరించే కాలం ఏడున్నర ఏళ్లు. జన్మరాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి, లగ్నం కాదు. దృగ్గణిత పంచాంగాల (ఆకాశంలో గ్రహాలు కనిపించే స్థానాలను బట్టి లెక్కకట్టేవాటి) ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలో ప్రవేశించాడు. అప్పుడు మేషరాశి వాళ్లకు ఏలినాటి శని మొదలైంది, మీనరాశి వాళ్లకు నడిమి భాగం వచ్చింది, కుంభరాశి వాళ్లకు చివరి రెండున్నరేళ్లు మిగిలాయి. ఫలితాలు చెప్పడం జ్యోతిష్కుల పని. మాట వరకు మాత్రం అందులో ఉన్నది ఒక అంకె. అధికారం, పీడ, శిక్ష అనే అర్థాలేవీ ఆ మాటలో లేవు. మీ ఇంట్లో వాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పండి.

అర్ధాష్టమ శని విషయం ఇంతకన్నా ఆసక్తికరం. ఎనిమిదిలో సగం నాలుగు కాబట్టి జన్మరాశికి నాలుగో రాశిలో ఉన్న శనిని మనం అర్ధాష్టమ శని అంటున్నాం. కానీ సంస్కృతంలో పాత లెక్కింపు పద్ధతి వేరు. అర్ధతృతీయం అంటే మూడోది సగం, అంటే రెండున్నర. హిందీ ‘ఢాయీ’ దీని నుంచి వచ్చిందే. ఆ పద్ధతిలో అర్ధాష్టమం అంటే ఏడున్నర! సంస్కృత పద్ధతిలో ఏలినాటి శనికి సరిపోయే మాట మన వాడుకలో నాలుగో రాశి శనికి స్థిరపడింది. స్థిరపడిన పారిభాషిక పదాన్ని ఇప్పుడు కదిలించనక్కరలేదు, నాలుగో రాశి శని అనే అర్థంలోనే వాడండి. అయితే ‘అర్థాష్టమ’ అని థకారంతో రాయకండి. సగం అనే అర్థంలో ధకారమే ఉండాలి. అచ్చులో ఈ తప్పు తరచు కనిపిస్తోంది.

ఇక పేర్లు. శనైః అంటే మెల్లగా. ‘శనైశ్శనైః’ అన్న మాట వినే ఉంటారు. మెల్లగా చరించేవాడు శనైశ్చరుడు. విసర్గ తరువాత చకారం రావడం వల్ల ‘శ్చ’ వచ్చింది. నవగ్రహ స్తోత్రంలో ‘తం నమామి శనైశ్చరం’ అనే ఉంది. మందుడు అన్నా అదే అర్థం. శనివారాన్ని మందవారం అనేవారు, సంకల్పంలో ‘మందవాసరే’, ‘స్థిరవాసరే’ అని ఇప్పటికీ చెబుతారు. కంటితో ఆకాశాన్ని చూసి గ్రహాలను గుర్తుపట్టిన వాళ్లకు అన్నిటికన్నా నెమ్మదిగా జరిగే గ్రహం ఇదే. కనిపించిన నడకనే పేరుగా పెట్టారు.

శని, ఈశ్వరుడు కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వల్ల ‘శనీశ్వరుడు’ అవుతుంది. శనైశ్చర శబ్దం జనం నోట ఇలా మారి ఉంటుంది. అయినా సంధి నిర్దుష్టం, గౌరవ సూచకం, జనం నోట పాతుకుపోయింది. వాడుకలో దాన్ని తప్పుపట్టను. స్తోత్రంలో, మంత్రంలో మాత్రం శనైశ్చర అనే చదవాలి. ‘శనేశ్వరుడు’ ఎంత ప్రచారంలో ఉన్నా వ్యాకరణానికి నిలవదు. అలా రావాలంటే ‘శన’ అనే పేరుండాలి, అది లేదు. కోనసీమలో మందపల్లి శివాలయంలోని స్వామి పేరు మందేశ్వరుడు. శని అంటే మందుడు, అతడు ప్రతిష్ఠించిన ఈశ్వరుడు మందేశ్వరుడని స్థలపురాణం. అక్కడ మందుడు వేరు, ఈశ్వరుడు వేరు.

మరొక్క మాట. ‘ఏలినాటి శని దశ’ అని కలిపి రాయడం కూడా పొరపాటే. దశ జన్మనక్షత్రాన్ని బట్టి లెక్కించేది. వింశోత్తరి పద్ధతిలో 120 ఏళ్లకు గాను శని మహాదశ 19 ఏళ్లు. ఏలినాటి శని గోచారానికి, అంటే ప్రస్తుత గ్రహసంచారానికి సంబంధించింది. మీ సిద్ధాంతి గారు రాసిచ్చిన కాగితంలో ‘దశ’ అన్న మాట కూడా ఉంటే, వారు చెప్పింది ఏడున్నరేళ్ల గోచారమా, పంతొమ్మిదేళ్ల మహాదశా అని అడిగి తెలుసుకోండి.